మా ఫోను విన్న పెద్దమనిషి

మా ఇంటి ఫోను ఎవరో వింటున్నారని తెలిసినప్పుడు నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. మామిడికాయ తొక్కులో మెంతిపిండి ఎంత వేయాలో మా అక్కను అడిగే మాట కూడా కూర్చుని వినేంత తీరిక సర్కారుకు ఎక్కడిదనిపించింది. ఇప్పుడు పిల్లలు కంప్యూటర్లో రాసుకునే ఈ-మెయిళ్ళు చదువుతున్నారట, సెల్‌ఫోన్లలో దూరి వింటున్నారట అని పేపర్లో వస్తే మా ఇంట్లో అందరూ నోరెళ్ళబెడతారు. మీకు ఇవాళ తెలిసింది, నాకు ఎనభైల్లోనే తెలుసు అంటాను. అప్పుడు కంప్యూటర్లు లేవు. ఉన్నదల్లా మా హాల్లో గూట్లో ఒక నల్ల ఫోను, అవతల టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో స్టూలు మీద ఒక మనిషి.

ఇది ఆ ఫోను ముచ్చట. ఇందులో ఎవరి పేరూ రాయను. మా ఊరి పేరు కూడా రాయను. కరీంనగర్ జిల్లాలో, జమ్మికుంట పత్తి మార్కెట్‌కు పొద్దున పోయి పొద్దుగూకే లోపు తిరిగి రాగలిగినంత దూరంలో ఉందని చెబితే చాలు. పేర్లు చెప్పించుకుని ఏం సాధించారో కళ్ళారా చూసినదాన్ని. అప్పట్నించీ నాకు పేర్లంటేనే విసుగు.

మాది ఎరువుల దుకాణం. దుకాణం ముందు, ఇల్లు వెనక. ఏళ్ళ తరబడి దరఖాస్తులు పెట్టగా పెట్టగా ఫోను వచ్చింది. దుకాణంలో పెడితే వచ్చే పోయే వాళ్ళందరూ ముట్టుకుంటారని మా ఆయన దాన్ని తెచ్చి ఇంట్లో పెట్టించాడు. ఎంత తెలివో చూడండి. దుకాణంలో ఉంటే ఎరువులు కొనేవాళ్ళే ముట్టుకునేవాళ్ళు, ఇంట్లో పెట్టేసరికి వీధి వీధంతా ముట్టుకుంది.

ఆ రోజుల్లో ఒక ఇంట్లో ఫోను ఉందంటే అది ఆ ఇంటిది కాదు. దూరాన ఉన్న చుట్టాలకు అందరూ మా నంబరే ఇచ్చేవాళ్ళు. నంబరు పక్కన పీపీ అని రాసేవాళ్ళు. అంటే ఫోను పక్కింటిది, పిలిస్తే వస్తారు అని అర్థం. మా వీధిలో పెళ్ళి కార్డుల మీద కూడా మా నంబరు పీపీ అని అచ్చయ్యేది, మమ్మల్ని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. పిలిస్తే వస్తారు సరే, పిలిచేదెవరు? నేను. పొయ్యి మీద అన్నం పొంగుతుంటుంది, ఫోను మోగుతుంది, అవతల ఎవరో "జర మా బావను పిలువుండ్రి, లైన్ల ఉంట" అంటాడు. ఎవరి బావ, ఏ బావ, ఏమీ చెప్పడు. గొంతును బట్టి నేనే పోల్చుకోవాలి. కొన్నాళ్ళకు దగ్గును బట్టి కూడా పోల్చుకోగలిగాను.

ఆ దగ్గు మా పెరటి గోడ అవతలి ఇంటాయనది. పద్మశాలీలు. మగ్గం మూలన పడితే ఆయన భీవండి పోయాడు, సాంచాల మీద పనికి. మరమగ్గాలను మా వైపు సాంచాలంటారు. ఆయన భార్య ఇద్దరు ఆడపిల్లలను పెట్టుకుని ఇక్కడ బీడీలు చుట్టేది. నోట్లో నాలుక లేని మనిషి. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఎప్పుడు చూసినా వేళ్ళు ఆడుతూనే ఉండేవి, మాట మాత్రం లేదు.

అక్కడ సాంచాలు వారానికి ఒకనాడు ఆపుతారు, శుక్రవారం. ఆ రోజే ఆయన ఏదో ట్రంకు కాల్ బూత్ దగ్గర నిలబడి, లైను దొరికినప్పుడు మాకు ఫోను చేసేవాడు. నేను తలంటు పోసుకుని, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని దీపం పెట్టబోతానా, సరిగ్గా అప్పుడే మోగేది. దేవుడి ముందు నుంచి లేచిపోయి ఎత్తితే "నేను" అనేవాడు. అంతే. "ఇంటామెను జర పిలువుండ్రక్కా" అనేవాడు. నేను పెరట్లోకి పోయి గోడ మీంచి "ఓ పిల్లా, భీవండి" అని కేక పెట్టేదాన్ని. ఆమె చాట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని పరుగెత్తుకొచ్చేది. ఫోను ముట్టుకునే ముందు మళ్ళీ ఒకసారి తుడుచుకునేది. మీ ఫోనుకు తంబాకు వాసన అంటుకుంటుందక్కా అనేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో ఎత్తరు. ఎత్తితే ఆయన ఆయుష్షు తరుగుతుందంటారు. పదో తరగతి దాకా చదివిన నేను కూడా ఎత్తను. ఓటర్ల లిస్టు రాసుకోవడానికి వచ్చినాయన మీ ఆయన పేరేంటమ్మా అంటే, దుకాణం బోర్డు మీద ఉంది, చదువుకో నాయనా అన్నాను. మగవాళ్ళు కూడా అంతే, పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవరు. ఆడది మొగుడి పేరు పలికే సందర్భాలు రెండే. ఒకటి, పెళ్ళయి అత్తగారింట్లో అడుగు పెట్టేటప్పుడు ఆడబిడ్డలు గడప దగ్గర ఆపి నవ్వుతూ చెప్పిస్తారు. రెండోది, ఇక వీడితో నాకు సంబంధం లేదని కుల పంచాయతీలో నిలబడి చెప్పేటప్పుడు. ఆ రెండోది మంచి సందర్భం కాదని వేరే చెప్పక్కరలేదు.

కాబట్టి వాళ్ళిద్దరి మాటలు ఇలా ఉండేవి.

"నేనే."

"ఊ."

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"ఆ. పిల్లలు?"

"మంచిగనే ఉన్నరు. దగ్గు తగ్గిందా?"

"తగ్గింది," అని ఆయన దగ్గేవాడు.

"ఎప్పుడస్తవు మరి?"

"చూస్త."

నేనూ వినేదాన్ని, ఎందుకు అబద్ధం చెప్పాలి. హాలుకు, వంటింటికి మధ్య ఉన్నది ఒక పరదా, ట్రంకు కాల్ కదా అని ఆయన అరిచి మాట్లాడే గొంతు కూడా రిసీవరు దాటి వచ్చేది. కానీ నేను వింటున్నానని ఆమెకు తెలుసు. నేను వినకూడని మాటైతే ఆమె గొంతు తగ్గించేది, గొంతు తగ్గిందంటే నేను కావాలని గిన్నెలు చప్పుడు చేసేదాన్ని. ఇరుగు పొరుగు వినడానికి ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి లేని చెవి ఒకటి ఆ తీగ మీద కూర్చుందని మాకిద్దరికీ తెలియదు.

ఆ ఏడాదంతా ఆమెకు ఒకటే ధ్యాస, ఆయన్ని ఇంటికి రప్పించుకోవాలి. అక్కడ గాలి ఆడని షెడ్లో, దూదిపొట్టులో రాత్రీ పగలూ పని. ఆ దగ్గు ముదిరితే ఇక మనిషి దక్కడని ఆమె భయం. మా ఊళ్ళో సాంచాలు నడిపించే ఆసామి ఒకాయన ఉండేవాడు. ఆమె ఆయన ఇంటి చుట్టూ తిరిగి తిరిగి మాట తీసుకుంది. దసరా లోపు నీ మొగడు వస్తే రెండు సాంచాలు వానికే ఇస్తా, రాకపోతే వేరేవాళ్ళను పెట్టుకుంటా అన్నాడాయన. ఇక ప్రతి శుక్రవారం అదే ముచ్చట. ఆయనకు నమ్మకం లేదు, ఆసామి మాట మారుస్తాడేమోనని. ఆమె విసుగు లేకుండా అదే మాట అదే నెమ్మదితో చెప్పేది. ఎట్టకేలకు వానాకాలం సగంలో ఒక శుక్రవారం ఆయన "వస్త తియ్. దసరాకు ముందే వస్త. ఇగ మళ్ళ పోను" అన్నాడు. ఆమె ఫోను పెట్టేసి, పరదా తీసి, నా వంక చూసి నవ్వింది. ఆమె పళ్ళు అంత బాగుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ నెలలోనే మా ఫోనుకు ఏదో రోగం వచ్చింది. అవతలి గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపించేది. మంథనిలో ఉన్న మా అక్కతో మాట్లాడుతున్నాను ఒకరోజు. ఆమె తన అత్తగారి మీద ఏదో మంచి రసవత్తరమైన సంగతి చెబుతోంది, సగం వినబడదు, సగం వినబడుతుంది. మధ్యలో ఎవరో గొంతు సవరించుకున్నారు. మా అక్క కాదు, ఆమె గొంతు సవరించుకునే రకం కాదు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఎవలయ్యా గీ లైన్ల? జర ఫోను కింద పెట్టు, మా అక్క మాట ఇనవడుతలేదు" అన్నాను. టక్కుమని చప్పుడైంది. ఆ వెంటనే మా అక్క గొంతు గంటలా ఖంగుమని వినిపించింది.

ఆ మనిషి పెట్టేశాడు. చెప్పగానే పెట్టేశాడు. అంత మర్యాదస్తుడు పక్కవాళ్ళ మాటలు వినే ఉద్యోగం ఎందుకు చేస్తున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తర్వాత ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసే ఆమె కూరగాయల దగ్గర కలిసి, వంకాయలు ఏరుతున్నట్టే ఏరుతూ చెవిన వేసింది. "అక్కా, మీ నంబరు ఇనెతందుకు ఒకాయన వస్తుండు. మేం ఏం చేస్తం, పైనుంచి చెప్పిండ్రట. జర చూసి మాట్లాడుండ్రి." ఎందుకు వింటున్నారని అడిగితే ఆమెకూ తెలియదు. కానీ ఊహించుకోవడం కష్టమేం కాదు. ఆ రోజుల్లో మా జిల్లాలో దుకాణం ఉన్నవాడిని అడవిలో ఉన్నవాళ్ళు చందా అడిగేవాళ్ళు, ఇచ్చావా అని పోలీసులు అడిగేవాళ్ళు. ఇచ్చినా తప్పే, ఇవ్వకపోయినా తప్పే. మా ఆయన ఇచ్చాడో లేదో నాకు కూడా చెప్పలేదు. నాకే చెప్పనివాడు ఫోన్లో చెబుతాడా?

ఇంటికి వచ్చి ఆయనకు చెబితే తాపీగా ఆవలించాడు. "ఇననియ్యి. మన దగ్గర దాచేటిదేమున్నది?" అన్నాడు.

"దాచేటిదేం లేకుంటే తానం చేసేటప్పుడు తలుపెందుకు పెట్టుకుంటవు?" అన్నాను.

"గది వేరు, గిది వేరు."

"ఎట్ల వేరో చెప్పరాదు."

చెప్పలేదు, దుకాణంలోకి పోయాడు. మగవాళ్ళకు దుకాణం ఒకటి ఉంటుంది పోవడానికి. నేను మాత్రం ఆ వారమంతా ఫోను మోగితే ఎత్తి, ముందుగా వినేవాడికి రెండు తగిలించి ఆ తర్వాత మాట్లాడాను. ఇవాళ మా ఇంట్ల పుంటికూర పప్పు, రాసుకో నాయనా అనేదాన్ని. నాకు అదంతా వేళాకోళంగానే ఉండేది. గోడ అవతలి ఆమెతో ఈ సంగతి అనలేదు. అసలే భయస్తురాలు, ఫోను దగ్గరికి రావడం మానేస్తుందని. ఆమె మాటల్లో పట్టుకోవడానికి ఏముంది, తిన్నవా, తిన్న.

అదే పట్టుకున్నారు.

ఒకరోజు కానిస్టేబుల్ వచ్చి, స్టేషన్‌కు ఆమె రావాలి, ఫోను మీది కాబట్టి మీరు కూడా రావాలి అన్నాడు. మా ఆయన వరంగల్ పోయి ఉన్నాడు, సరుకు కోసం. ఆమె చాట దించి లేచి నిలబడింది. చేయి పట్టుకుని నడిపించుకుపోయాను.

ఎస్సై చిన్నవాడు, మా వైపు వాడు కాదు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. మంచిగానే మాట్లాడాడు, ఆ మంచితనానికే నాకు ఎక్కువ మంట.

"ప్రతి శుక్రవారం నీకు ఫోన్ చేసే మనిషి ఎవరమ్మా?"

"మా ఇంటాయన సారూ."

"పేరు?"

ఆమె తల వంచుకుంది.

"చూడమ్మా. అతను ఒక్కసారి కూడా తన పేరు చెప్పడు. నేనే అంటాడు. నువ్వూ ఎవరని అడగవు, ఊ అంటావు. అతను నీ పేరు ఎత్తడు, నువ్వు అతని పేరు ఎత్తవు. దసరాకు ముందే వస్తానంటాడు. అడవిలో వాళ్ళు తప్ప ఎవరు మాట్లాడుకుంటారు అలా?"

"మొగడు పెండ్లాలు మాట్లాడుకుంటరు సారూ," అన్నాను. "మీ అవ్వ మీ బాపును పేరు పెట్టి పిలుస్తదా?"

ఎస్సై నా వంక చూశాడు. వెనక నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్ మా ఊరివాడే, వాళ్ళావిడ మా వీధి ఆడబిడ్డే. ఆయనకు అంతా తెలుసు. ఒక్క మాట సాయం చేయకుండా పైకప్పు వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ పైకప్పులో ఏముందో గాని నాలుగు తన్నాలనిపించింది నాకు.

"పేరే గద మీకు కావల్సింది, నేను చెప్త," అని ఆయన పేరు, ఇంటి పేరు, తండ్రి పేరు గడగడా చెప్పాను.

"మిమ్మల్ని అడగలేదండీ. ఆమె చెప్పాలి. ఆమె మొగుడేనని నాకెలా తెలుస్తుంది?"

ఆమె వేళ్ళు ఒళ్ళో లేని బీడీని చుడుతూ ఉండిపోయాయి. ఎంతసేపో. టీ మీద మీగడ కట్టింది. నాకు అందరి మీదా కోపం వచ్చింది. ఎస్సై మీద, ఆ హెడ్డు మీద, వరంగల్ పోయి కూర్చున్న మా ఆయన మీద, చివరికి ఆమె మీద కూడా. ఒక్క మాట, అనేస్తే ఇంటికి పోతాం కదా. ఆమె ముఖం చూశాక ఆ కోపం నిలవలేదు. ఆమె పేరు గురించి ఆలోచించడం లేదు, ఆ దగ్గు గురించి ఆలోచిస్తోంది.

చివరికి చెప్పింది, నేలను చూస్తూ, పెదవులు కదిలీ కదలకుండా.

"గట్టిగా," అన్నాడు ఎస్సై.

మళ్ళీ చెప్పింది.

"అంతేగా. దీనికింత ఎందుకు?" అని అతను నిజంగానే ఊపిరి పీల్చుకున్నాడు. లోపల ఏదో పెద్ద పని పూర్తయినట్టు. తర్వాత మాకొక సలహా ఇచ్చాడు. ఇకనుంచి ఫోన్లో మాట్లాడేటప్పుడు ఎవరు, ఎవరితో మాట్లాడుతున్నారో ముందే పేర్లతో స్పష్టంగా చెప్పుకోవాలట. అప్పుడు తమకూ ఇబ్బంది ఉండదట, మాకూ ఉండదట. ఫోను వింటున్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పకూడదు, భీవండిలో ఉన్నాయనకు కూడా. చెబితే మా దుకాణం లైసెన్సు ఒకసారి చూడాల్సి వస్తుందన్నాడు.

"ఎందుకు చెప్తున్నదో ఆయనకు తెల్వకుంటే ఎట్ల సారూ?" అన్నాను.

"పేరు చెబితే ఏమవుతుందండీ?" అన్నాడు. నిజంగానే తెలియదు ఆ పిల్లవాడికి. వినడం తెలుసు, అర్థం చేసుకోవడం నేర్పలేదు ఎవరూ.

వచ్చే దారిలో ఆమె వీధి నల్లా దగ్గర ఆగి, దోసిలి పట్టి నోరు పుక్కిలించింది. మూలకు పోయి ఉమ్మి, మళ్ళీ పుక్కిలించింది. నేను కొంగు పట్టుకుని ఎండలో నిలబడ్డాను.

శుక్రవారం ఫోను మోగింది. పేరు చెప్పొద్దని ఆమెకు సైగ చేశాను, వాడేం చేస్తాడో చేయనియ్యి అన్నాను. ఆమె నన్ను దాటి పోయి రిసీవరు రెండు చేతులతో పట్టుకుంది. ఆయన పేరు, ఇంటి పేరు చెప్పి, ఆయన భార్యను మాట్లాడుతున్నా అంది. బడిలో అప్పగించిన పాఠం చెప్పినట్టు, ఎక్కడా ఆగకుండా.

నేను దగ్గరికి పోయి నిలబడ్డాను.

"ఏందే?" అన్నాడాయన.

"ఏం లేదు. తిన్నవా?"

"నా పేరు తీస్తున్నవేంది?"

"ఏం లేదు. పిల్లలు మంచిగనే ఉన్నరు."

"పంచాయతీల నిలవడ్డవా? ఎవల ముంగట చెప్తున్నవు?"

ఆమె నా వంక చూసింది. జరిగింది చెప్పమ్మా చెప్పు అని నేను సైగ చేస్తూనే ఉన్నాను. ఆమె నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. మా దుకాణం లైసెన్సు గుర్తొచ్చిందో, పిల్లలు గుర్తొచ్చారో. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు నాకు కూడా వినిపించింది.

తర్వాతి శుక్రవారం ఫోను రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఆమె మాత్రం తలంటు పోసుకుని గోడ అవతల నిలబడేది, నేను పిలుస్తానేమోనని. ఇవతల నేను ఆ నల్ల ఫోనును చూస్తూ కూర్చునేదాన్ని. ఊరందరి బావలకూ మోగుతుంది, మోగాల్సిన ఒక్క మనిషికే మోగదు. ఉత్తరం రాద్దామంటే ఆమె చేతులెత్తి దండం పెట్టింది. ఫోను విన్నోళ్ళు ఉత్తరం సదవరా అక్కా అంది. ఆసామి రెండుసార్లు కబురు చేశాడు, నీ మొగడు వస్తున్నడా లేదా, దసరా దగ్గర పడుతున్నది అని. వస్తడు అని చెప్పి పంపేది.

బతుకమ్మ మొదలయ్యాక ఒక శుక్రవారం మోగింది. దగ్గు విన్నాను. ఆమెను పిలవడానికి పోలేదు, ఆ మాట నేనే చెప్పేయాలనుకున్నాను. లైసెన్సు పోతే పోనీ. "ఇగో చూడు, మా ఫోను పోలీసోళ్ళు ఇంటున్నరు. గామెను ఠాణాల కూసోవెట్టి నీ పేరు చెప్పించిండ్రు. ఫోన్ల గూడ గట్లనే చెప్పాలన్నరు. గామె తప్పు ఏం లేదు, నువ్వు జల్ది..." అంటుండగానే చెవిలో ఏమీ లేకుండా పోయింది. ఆయన పెట్టేసినట్టు కూడా కాదు. ఫోనే చచ్చిపోయింది. గుయ్యిమనే మోత కూడా లేదు.

ఎంతవరకు విన్నాడో తెలియదు. లైన్‌మన్ వచ్చి, విప్పి చూసి, కేబులు ఫాల్టు అన్నాడు. మా వీధిలోకి వచ్చే కేబులులో మా ఒక్కరి తీగే ఎలా ఫాల్టయిందయ్యా అంటే నవ్వి పోయాడు. అన్నిటికన్నా వింత, వీధి వాళ్ళందరూ నన్నే తిట్టుకున్నారు. మా అల్లుడు ఫోన్ చేస్తే తగుల్తలేదట, మీరు బిల్లు కట్టలేదా అని.

చివరికి పని చేసింది ఫోను కాదు, ఉత్తరం కాదు. బతుకమ్మకు వచ్చి తిరిగి భీవండి పోతున్న నేత పని చేసే ఒక సాలోళ్ళాయనతో నోటి మాటగా చెప్పి పంపాను. ఆయన రైల్లో రెండు రోజులు పోయి, చెప్పాల్సినవాడికి చెవిలో చెప్పాడు.

ఆమె ఇంటాయన వచ్చాడు. వచ్చేసరికి దసరా దాటిపోయింది, సాంచాలు ఇంకొకరికి పోయాయి. ఎముకల గూడయ్యాడు. దుకాణం అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. మొదట నాకు ఆయన మీద కూడా చిరాకే వచ్చింది.

"ఒక్క పేరు చెప్తేనే గింత దూరం చేసుకుంటవా? జర అడగరాదా ఏమైందని?"

"పేరు గాదక్కా," అన్నాడు. "కోపంల తీసినా ఊకుందును. గది నా ఇంటిదాని గొంతు గాదు. ఎవలకో జవాబు చెప్పినట్టు చెప్పింది. నన్ను ఇడిసిపెట్టిందనుకున్న."

నేను నీళ్ళ చెంబు తీసుకుని లోపలికి వచ్చేశాను. ఏడుపు వచ్చింది. ఏడుస్తున్నందుకు కూడా కోపమే వచ్చింది.

ఆసామి కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది ఆమె. పెట్టుకున్నవాళ్ళను ఎట్ల వెళ్ళగొట్టాలె అన్నాడాయన, అందులో తప్పు పట్టడానికి లేదు. దానికి తోడు ఠాణా ముచ్చట అప్పటికే ఊరంతా పాకింది. ఎవరికీ చెప్పొద్దన్నది మాకే, వాళ్ళకు కాదు. ఇక ఇక్కడ పని పుట్టదని ఆయనకు అర్థమైంది. ఈసారి ఒక్కడే పోలేదు, ఆమెనూ పిల్లలనూ తీసుకుని పోయాడు. ఆమె ఏడాది పాటు ఫోన్లో మాట్లాడి మాట్లాడి ఆయన్ని ఏ షెడ్లోంచి బయటికి తేవాలనుకుందో, చివరికి ఆ షెడ్డు పక్క గదికి తానే పోయింది. తాళం వేసి చెవి నాకిచ్చింది. జర చూస్తుండుండ్రక్కా అంది.

సంక్రాంతి దాటాక మా ఫోను దానంతటదే బాగైంది. ఎవరూ రాలేదు, ఏమీ చేయలేదు. పొద్దున ఎత్తి చూస్తే గుయ్యిమంది. బాగు చేసినవాళ్ళకు కృతజ్ఞత చెప్పాలో తిట్టాలో తెలియక మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

కొన్నాళ్ళకు ఒక శుక్రవారం మోగింది. ఎత్తాను. ఆడ గొంతు. ఆయన పేరు, ఇంటి పేరు చెప్పి, ఆయన భార్యను, భీవండి నుంచి మాట్లాడుతున్న అంది. ఆ తర్వాత గాని "అక్కా, మంచిగున్నరా" అనలేదు.

"గట్ల చెప్పకు బిడ్డా. నీ గొంతు నేను గుర్తువట్టనా?"

"మీకోసం గాదక్కా," అంది.

"ఆయన ఏమనడా?" అన్నాను.

"పక్కనే ఉండు. గిప్పుడేమంటడు, అలవాటైంది." వెనకాల దగ్గు వినిపించింది, ముందుకంటే లోతుగా ఉంది. "మందులు తెస్తున్న," అంది ఆమె, నేను అడగక ముందే.

పిల్లల్ని అడగాలనుకున్నాను. ఇద్దరినీ పేరు పెట్టి పిలిచి మా పెరట్లో జామకాయలు కోసిపెట్టినదాన్ని, ఆ పేర్లు నా నాలుక చివరనే ఉన్నాయి. ఆ లైన్లో ఎవరో గొంతు సవరించుకున్నట్టు అనిపించింది, అనిపించడమే కావచ్చు. పిల్లలెట్లున్నరు అని మాత్రం అడిగాను, పేర్లు ఎత్తలేదు.